శ్రమలో ప్రార్థన: ఆస్పత్రి వార్డుల్లో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు కొత్తపేటలోనూ బెజవాడ సూర్యారావుపేటలోనూ వీధికి పది ఆస్పత్రులుంటాయి. మా సంఘం నుంచి మేము నలుగురైదుగురం వారానికి రెండు రోజులు ఆ వార్డులకు వెళ్లి, అడిగిన వాళ్ల కోసం ప్రార్థన చేసి వస్తుంటాం. మేమెవరం పాస్టర్లం కాదు. మా అమ్మ రెండేళ్లకు పైగా డయాలసిస్ మీద ఉండి వెళ్లిపోయింది. ఆ రోజుల్లో నేను అడిగిన ప్రశ్నలనే ఇప్పుడు వార్డు బయట మెట్ల మీద కూర్చున్న వాళ్లు నన్ను అడుగుతున్నారు. నేను నమ్మింది, బైబిల్లో చదివింది, కళ్లతో చూసింది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ప్రార్థన చేద్దామని మోకరిస్తే ఒక్క మాట కూడా రావడం లేదు. ఏం చెయ్యాలి?

మాట రాకపోతే రానివ్వండి. అలాగే ఉండండి. మనకు ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు ఆత్మ తానే "ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో" మన పక్షంగా వేడుకుంటాడని రోమా పత్రిక 8వ అధ్యాయంలో పౌలు రాశాడు. మూలుగు అనే మాట ఆస్పత్రిలో ఒక్క రాత్రి గడిపిన వాళ్లకి బాగా తెలుస్తుంది. ఆపరేషన్ అయిన మనిషి మూలుగుతుంటే పక్కన కూర్చున్న భార్యకు నీళ్లు కావాలా, దిండు సరిచెయ్యాలా అన్నది ఆ మూలుగులోనే అర్థమవుతుంది. మాటల కోసం ఆమె ఆగదు.

హన్నా కథ చూడండి. షిలోహు మందిరంలో ఆమె పెదవులు కదిలాయి గానీ స్వరం బయటికి రాలేదు. యాజకుడైన ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. మందిరంలో కూర్చున్న యాజకుడికి కూడా ప్రార్థనలా కనిపించని ప్రార్థన అది. దేవుడు దాన్ని విన్నాడు.

సొంత మాటలు రాని రోజున కీర్తనల గ్రంథం తెరిచి పైకి చదవండి. 13, 42, 121, 130 కీర్తనలతో మొదలుపెట్టొచ్చు. అది కూడా చేత కాకపోతే "ప్రభువా, నీకు తెలుసు" అనండి, చాలు. ఐసీయూ తలుపు ముందు నేను కొన్ని నెలలు ఆ ఒక్క మాట మీదే ఉన్నాను.

దేవుడి మీద కోపం వస్తోంది. "ఎందుకిలా చేశావు" అని అడగొచ్చా? అడిగితే పాపమా?

ఇది చాలామంది గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి అడిగే ప్రశ్న. చిన్నప్పటి నుంచి మనకు స్తుతించడం నేర్పారు, కృతజ్ఞత చెప్పడం నేర్పారు. ఏడవడం మాత్రం నేర్పలేదు. "ఏడవకమ్మా, స్తోత్రం చెప్పు" అంటారు. చెప్పేవాళ్ల మనసు మంచిదే. కానీ బైబిల్ మనల్ని అంత తొందరపెట్టదు.

150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా విలాపాలే. 13వ కీర్తన ఎలా మొదలవుతుందో చూడండి: "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" దావీదు దేవుణ్ణి నిలదీస్తున్నాడు. చాలా విలాప కీర్తనలు చివరికొచ్చేసరికి స్తుతి వైపు తిరుగుతాయి. 88వ కీర్తన ఆ మాత్రం కూడా తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో అయిపోతుంది. ఆ తర్వాత ఓదార్పు వచనం ఏదీ లేదు. అయినా దాన్ని లేఖనాల్లో ఉంచారు, తరతరాలుగా దేవుని ప్రజలు దాన్ని ప్రార్థనగా చదువుకున్నారు. మా అమ్మ పోయిన వారంలో నాకు అక్కరకొచ్చింది ఆ కీర్తనే. అప్పుడు ఎవరైనా వెలుగు గురించి చెబితే వినే ఓపిక నాకు లేదు.

పిల్లల్నీ, ఆస్తినీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు సంగతీ అంతే. తాను పుట్టిన దినాన్ని శపించాడు, దేవుణ్ణి వాదానికి పిలిచాడు. అతని స్నేహితులు మాత్రం దేవుడి పక్షాన నిలబడి పద్ధతిగా మాట్లాడారు. చివరి అధ్యాయంలో దేవుడు ఎవరి మీద కోపపడ్డాడు? ఆ స్నేహితుల మీద. నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నా గురించి యుక్తమైనది పలకలేదు అన్నాడు.

మంచి శుక్రవారం మధ్యాహ్నం ఎండలో గుడికి వెళ్లి సిలువ మీద పలికిన ఏడు మాటలు వింటాం కదా. నాలుగో మాట "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి". అది 22వ కీర్తన మొదటి వచనం. ప్రాణం పోయే వేళ యేసు ప్రభువు నోట వచ్చింది ఒక విలాప కీర్తన. ఆయన అడిగిన "ఎందుకు"ను మీరు అడిగితే తప్పెలా అవుతుంది? ఆ మాటలో కూడా "నా దేవా" అన్న పిలుపు పోలేదని గమనించండి. కోపంతో అడగండి, ఏడుస్తూ అడగండి. ఆయన్నే అడగండి.

నేనేదో పాపం చేశాను, అందుకే నా బిడ్డకు ఈ జబ్బు వచ్చింది అనిపిస్తోంది.

పిల్లల వార్డులో తల్లులు నన్ను అడిగేది ఎప్పుడూ ఇదే. తండ్రులు తక్కువగా అడుగుతారు, కానీ వాళ్ల మనసులోనూ ఉంటుంది.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డిని చూసి శిష్యులు అడిగారు: వీడు పాపం చేశాడా, వీడిని కన్నవాళ్లు చేశారా? ఇద్దరూ కాదు అన్నాడు యేసు. లూకా 13లో ఇంకో సంగతి ఉంది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు యెరూషలేములో ఉన్న మిగతా అందరికంటే పాపులనుకుంటున్నారా, కాదు అని ఆయన తేల్చి చెప్పాడు.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగి బెజవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు నీళ్లు ఇళ్లను ఏరి ఏరి ముంచలేదు. ప్రార్థన చేసే ఇంట్లోకీ వచ్చాయి, చెయ్యని ఇంట్లోకీ వచ్చాయి. డాబాల మీద నిలబడి పాల ప్యాకెట్ కోసం ఎదురుచూసిన వాళ్లలో భక్తిపరులు ఎంతోమంది ఉన్నారు. వాళ్ల పాపమే వాళ్ల గుమ్మం దాకా నీరు తెచ్చిందని మీరనగలరా? అనలేరు కదా. మరి మీ బిడ్డ విషయంలో మిమ్మల్ని మీరు అలా ఎందుకు అంటున్నారు?

నిజంగా ఒప్పుకోవాల్సిన తప్పు ఏదైనా మనసులో గుచ్చుతుంటే ఒప్పుకోండి, క్షమాపణ ఉంది. బిడ్డ జబ్బును మాత్రం దానికి ముడిపెట్టకండి.

"విశ్వాసం చాలకే స్వస్థత రాలేదు" అని బంధువులు అంటున్నారు. నిజమేనా?

నిజం కాదు. మా అమ్మ జ్ఞాపకార్థ కూటంలో భోజనాల దగ్గర ఒకాయన నాతో ఇదే మాటన్నారు. చేతిలో సాంబారు గరిటె ఉంది, వడ్డించడం ఆపలేదు. ఆ మాట లోపల ముల్లులా చాలా కాలం ఉండిపోయింది. అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చదివాను.

పౌలు చేతుల మీదుగా ఎంతోమంది స్వస్థత పొందారని అపొస్తలుల కార్యాలు చెబుతుంది. అదే పౌలు తిమోతికి రాసిన రెండో ఉత్తరం చివర, తన సహచరుడు త్రోఫిము రోగిగా ఉన్నందున అతన్ని మిలేతులో విడిచి వచ్చానని రాశాడు. ఒక్క వాక్యం, వివరణ కూడా ఇవ్వలేదు. పౌలుకు విశ్వాసం చాలలేదా? తన శరీరంలో ముల్లు అని తాను పిలిచిన బాధ గురించి ముమ్మారు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. "నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది" అన్న జవాబొచ్చింది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు కూడా, ఈ బాధల గిన్నె నా దగ్గర నుంచి తొలగించు అని మూడుసార్లు అదే ప్రార్థన చేశాడు. గిన్నె తొలగలేదు. ఆయనకు విశ్వాసం తక్కువైందని అనడానికి ఎవరికి నోరొస్తుంది?

స్వస్థతలు జరుగుతాయని నేను నమ్ముతాను. డాక్టర్లు ఆశ వదులుకున్న మనిషి నడిచి ఇంటికి వెళ్లడం చూశాను. అదే వార్డులో, అంతే గట్టిగా ప్రార్థించిన ఇంకో ఇంటివాళ్లు శవంతో వెళ్లడమూ చూశాను. ఈ రెండో ఇంటివాళ్లకు తూకం వేసి విశ్వాసం తక్కువని చెప్పే అధికారం ఎవరికీ లేదు.

మందులు ఆపేసి ప్రార్థన మీదే ఆధారపడాలా?

వద్దు. దయచేసి ఆపకండి. చావు జబ్బు పడ్డ హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు అతనికి ఇంకా 15 ఏళ్ల ఆయుష్షు ఇచ్చాడు. ఇచ్చిన ఆ దేవుడి ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు. ప్రార్థన, పట్టీ రెండూ ఒకే గదిలో ఉన్నాయి. సువార్త రాసిన లూకా వైద్యుడు.

మన గుంటూరుకే వస్తే, డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి ఇక్కడికి వచ్చారు. పరదా చాటున ఉండే ఆడవాళ్లు మగ డాక్టరు దగ్గరకు వెళ్లలేని కాలం అది. ఇళ్లకు వెళ్లి వైద్యం చేస్తూ చేస్తూ చివరికి ఆస్పత్రే కట్టించారు, అది ఇవాళ్టికీ ఆమె పేరుతోనే ఉంది. 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. ప్రార్థన చేసే మనిషే ఆమె, మందు ఇచ్చిన మనిషీ ఆమే. మన తాతమ్మల కాన్పులు ఆ రెండింటి నీడలో జరిగాయి.

ఉపవాస ప్రార్థనల గురించి ఒక మాట. షుగర్ ఉన్నవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరుని అడగకుండా ఉపవాసం ఉండకండి. ఇన్సులిన్ వేసుకుని తిండి మానేసి కళ్లు తిరిగి పడిపోయిన వాళ్లను చూశాను. వాళ్ల బదులు ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఉపవాసం ఉండొచ్చు.

ప్రార్థన నూనె, ప్రత్యేక ప్రార్థన అంటూ డబ్బు అడుగుతున్నారు. ఇవ్వాలా?

రేటు చెప్పి చేసే ప్రార్థనకు వెళ్లకండి. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో సంఘపు పెద్దలను పిలిపించమని ఉంది. వాళ్లు రోగి దగ్గరికి వస్తారు, నూనె రాస్తారు, ప్రార్థిస్తారు. దానికి ఖరీదు ఎక్కడా లేదు. సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు పోయాక ఇవ్వబోయిన కానుకను ప్రవక్త ఎలీషా ముట్టుకోలేదు. వెనకాల పరుగెత్తి తీసుకున్న ఎలీషా పనివాడు గేహజీకి ఏమైందో రెండో రాజుల గ్రంథం 5వ అధ్యాయంలో చదవండి. ఆస్పత్రి బిల్లుకు అప్పు చేసిన ఇంటి నుంచి పుస్తెలు కూడా తీయించే ప్రార్థన ఎక్కడి నుంచి వచ్చిందో మీరే ఆలోచించండి.

బెజవాడ గుణదల కొండ మీద మరియ మాత దగ్గరకు వెళ్తామని మొక్కుకున్నాం. మా బంధువుల్లో కొందరు అది తప్పంటున్నారు.

నేను లూథరన్ సంఘంలో పెరిగాను, మా ఇంట్లో జపమాల లేదు. అయినా ఆ కొండ మెట్లు ఎక్కాను, అక్కడ కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డ వాళ్ల ముఖాలు చూశాను. సంఘాల మధ్య భేదాలు నిజమైనవే. జబ్బు మనిషి పక్కన నిలబడి వాటి మీద వాదించుకోవడం మాత్రం తగదు.

ఫిబ్రవరి 11న గుణదల పండుగ ఎందుకు వస్తుందంటే, 1858లో అదే తేదీన ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్ అనే పేద పిల్లకు మరియమ్మ దర్శనమిచ్చిందని కతోలికుల విశ్వాసం. అందుకే 1993 నుంచి కతోలిక సంఘం ఆ రోజునే ప్రపంచ రోగుల దినంగా పాటిస్తోంది. ఎంతోమంది స్వస్థత కోసం వెళ్లే లూర్దు నీటి ఊటను చూపించిన బెర్నదెత్ మాత్రం జీవితమంతా ఉబ్బసంతో బాధపడి, 35 ఏళ్లకే క్షయతో చనిపోయింది. కొండ ఎక్కేముందు మీ ఇంట్లో రోగికి ఈ సంగతి కూడా చెప్పండి. బాగుపడి దిగినా, బాగుపడకుండా దిగినా దేవుడికి దూరమైనట్టు కాదని వాళ్లకు తెలుస్తుంది.

ప్రార్థన వల్ల బలం వస్తుందంటారు. ఆ బలం వచ్చినట్టు ఎలా తెలుస్తుంది? నాకేమీ అనిపించడం లేదు.

ఒళ్లు పులకరిస్తుందని, భయం చేత్తో తీసేసినట్టు పోతుందని నేనూ ఎదురుచూశాను. నాకు అలా జరగలేదు. మీకు జరిగితే దేవునికి స్తోత్రం.

అమ్మకు సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్. నాలుగేసి గంటలు. బుధవారం కూర్చునే బలం ఎలాగో వచ్చేది. గురువారం రాత్రికల్లా "రేపు నా వల్ల కాదే" అనేది. శుక్రవారం ఉదయం మళ్లీ జడ వేయించుకుని, ఆటో పిలవమనేది. నాకు మొదట్లో చిరాకు వచ్చేది, ఒక్కసారిగా వారానికి సరిపడా ధైర్యం ఇవ్వొచ్చు కదా దేవుడు అని. ఒకరోజు నిర్గమకాండం 16వ అధ్యాయం చదువుతుంటే అర్థమైంది. ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం మన్నా ఏ రోజుది ఆ రోజే. తెల్లవారే దాకా దాచుకుంటే పురుగు పట్టి కంపు కొట్టింది. శుక్రవారం బలం బుధవారమే ఇంట్లో ఉండదు. శుక్రవారం ఉదయం లేచి ఏరుకోవాలి. అమ్మ ప్రార్థన కూడా చివరికి అంత చిన్నదైపోయింది: "ఈ పూటకు చాలు ప్రభువా."

యెషయా 40వ అధ్యాయం చివరి వచనం గోడ క్యాలెండర్ల మీద కూడా ఉంటుంది. యెహోవా కొరకు ఎదురుచూచువారు నూతన బలము పొందుదురు. పక్షిరాజుల్లా ఎగురుతారు, అలయక పరుగెత్తుతారు, "సొమ్మసిల్లక నడిచిపోవుదురు." నడక చివర వచ్చింది. చిన్నప్పుడు ఎగరడం పెద్ద సంగతనుకునేదాన్ని. వార్డు నుంచి ల్యాబుకు, ల్యాబు నుంచి మందుల షాపుకు, అక్కడి నుంచి ఆరోగ్యశ్రీ కౌంటరుకు సొమ్మసిల్లకుండా నడవడం ఎంత పెద్ద వరమో ఇప్పుడు తెలుసు.

ఇంకో సంగతి. గెత్సేమనేలో పరలోకం నుంచి దూత వచ్చి యేసును బలపరిచాడని లూకా 22లో ఉంది. తర్వాతి వచనమేమిటో చూడండి. ఆయన వేదనపడి మరింత ఆతురంగా ప్రార్థించాడు, చెమట రక్తబిందువుల్లా నేల మీద పడింది. అంటే బలం వచ్చాక వేదన తగ్గలేదు. వచ్చిన బలం ఆ వేదనలో ప్రార్థిస్తూ ఉండటానికే సరిపోయింది. కాబట్టి మీకు ఇంకా ఏడుపు వస్తోందంటే బలం రాలేదని లెక్క వేసుకోకండి. నిన్న రాత్రి గడవదనుకున్నారు. ఇవాళ ఫ్లాస్కు కడిగి పాలు పోయించుకొచ్చారు కదా.

బతకాలనే అనిపించడం లేదు. ఇలా అనుకోవడం కూడా ప్రార్థనలో చెప్పొచ్చా?

చెప్పండి. ప్రవక్త ఏలీయా చెప్పాడు. బదరీ చెట్టు కింద కూర్చుని నా ప్రాణం తీసుకో అని అడిగాడు. దేవుడు అతన్ని గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి, కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు. మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది, నీవు లేచి భోజనము చేయుము" అన్నాడు.

దేవుడికి చెప్పిన ఈ మాటే ఒక మనిషికి కూడా ఇవాళే చెప్పండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రాణానికి అపాయం అనిపిస్తే 108కి చెయ్యండి. డిప్రెషన్‌కు మందు వేసుకోవడం విశ్వాసం లేకపోవడం కాదు. ఇంట్లో ఎవరైనా ఇలా మాట్లాడుతుంటే ప్రసంగం మొదలుపెట్టకండి, ఒంటరిగా వదలకండి. అన్నం పెట్టి పక్కన పడుకోండి.

రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

121వ కీర్తన ఎనిమిది వచనాలే, కంఠతా పట్టండి. ఇశ్రాయేలును కాపాడేవాడు "కునుకడు నిద్రపోడు." ఆయన మేలుకుని ఉంటాడు గనుక మీరు పడుకోవచ్చు. నిద్ర రాకపోతే చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్న పాట ఏదైనా లోలోపల పాడుకోండి. ఫోనులో జబ్బు పేరు కొట్టి వెతకడం ఆ వేళలో మంచిది కాదు.

ఇతరులను ప్రార్థించమని అడగాలంటే మొహమాటంగా ఉంది.

మార్కు 2వ అధ్యాయంలో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి ఇంటికప్పు విప్పి దించారు. యేసు "వారి విశ్వాసము" చూశాడని ఉంది. మంచం మీదున్న మనిషి విశ్వాసం గురించి అక్కడ విడిగా ఏమీ లేదు. మీకు నమ్మే ఓపిక కూడా లేని రోజున మీ మంచం నాలుగు కోళ్లు పట్టుకోవడానికే సంఘం ఉంది. అడగండి.

మోసేవాళ్లకు నా మనవి: రోగి ఫొటో, రిపోర్టులు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేముందు వాళ్లను అడగండి.

రోగిని చూడ్డానికి వెళ్తున్నాం. ఎలా ప్రార్థించాలి?

ముందు "ప్రార్థన చెయ్యనా అమ్మా?" అని అడగండి. వద్దంటే నొచ్చుకోకండి. చేస్తే రెండు నిమిషాలు, మెల్లగా. పక్క మంచం మీద వేరే మతం వాళ్లుంటారు, నిద్రపోతున్న పసిబిడ్డ ఉంటుంది. వాళ్లు తమకూ చెయ్యమని అడిగితే సంతోషంగా చెయ్యండి, అడగకపోతే పలకరించి నవ్వి వచ్చేయండి. మీకు తెలిసిన ఎవరో ఇదే జబ్బుతో పోయారన్న కథ చెప్పకండి. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులూ అతనితో పాటు నేల మీద మాట లేకుండా కూర్చున్నారు, వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. రోగి పక్కన ఉండి చూసుకునే ఇంటిమనిషిని స్నానానికి పంపించి ఆ గంట మీరు కూర్చోండి. ఇడ్లీ తీసుకెళ్లండి.

మనిషి పోయాడు. ఇంక దేని కోసం ప్రార్థించాలి?

చనిపోయిన స్నేహితుడు లాజరును తిరిగి లేపబోతున్నానని యేసుకు తెలుసు. అయినా సమాధి దగ్గరికి వెళ్తూ కన్నీళ్లు విడిచాడు. పునరుత్థానం ఉందన్న నమ్మకం కన్నీళ్లకు అడ్డు రాలేదు. భూస్థాపన రోజున ఇంటినిండా జనం, పాటలు ఉంటాయి. నెల తిరిగాక మధ్యాహ్నం మూడింటికి, ఆ మనిషికి టీ ఇచ్చే వేళకు ఎవరూ ఉండరు. ప్రార్థన కష్టమయ్యేది అప్పుడే. ఆ వేళకు రెండు గ్లాసులు అలవాటుగా తీస్తాం. తీసిన రెండో గ్లాసు చేత్తో పట్టుకుని అక్కడే, వంటగదిలోనే దేవుడితో మాట్లాడండి.

ఇవాళే చెప్పుకోవడానికి ఒక చిన్న ప్రార్థన రాసిస్తారా?

అమ్మ చెప్పుకున్నదాన్ని కొంచెం కలిపి రాస్తున్నాను. "ఇతన్ని" అన్నచోట మీ వాళ్ల పేరు పెట్టుకోండి.

"తండ్రీ, నాకు అలసటగా ఉంది. నీ మీద కోపంగా కూడా ఉంది, దాచలేను. ఇతన్ని బాగుచెయ్యి అని అడుగుతున్నాను, రేపు కూడా అడుగుతాను. నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కావడం లేదు. డాక్టర్ల చేతులకు తోడుగా ఉండు. పక్క మంచం పిల్లాడికి జ్వరం తగ్గించు. నన్ను విడిచిపెట్టకు. ఈ పూటకు చాలినంత ఇవ్వు. యేసు నామంలో అడుగుతున్నాను, ఆమేన్."